హిచ్ సంగతి నేను చూసుకుంటాను: కమ్మింగ్ నుంచి బ్లూ రిడ్జ్‌కి క్యాంపర్‌తో

మా క్యాంపర్‌ని అమ్మేయమని సలహా ఇవ్వని తెలుగువాళ్లు అమెరికాలో మా ఊరు కమ్మింగ్‌లో ఇక ఎవరూ మిగల్లేదు. పొట్లక్‌లో పేపర్ ప్లేటు పట్టుకుని ఒకరు, గుడి బయట చెప్పులు వేసుకుంటూ ఇంకొకరు. "హాయిగా క్యాబిన్ బుక్ చేసుకోక ఈ తలనొప్పి ఎందుకండీ" అనేవాళ్లు కొందరు. "ఆ ఎస్‌యూవీ లాగలేదండీ, పికప్ ట్రక్ ఉండాల్సిందే" అనేవాళ్లు కొందరు. అందరూ చెప్పేది మాత్రం మా ఆయన శ్రీకాంత్‌కే. నేను పక్కనే నిలబడి ఉంటాను, నా వైపు ఒక్కరూ చూడరు. మహాప్రభో, ఆ క్యాంపర్ నా పేరు మీద ఉంది! ఆరేళ్లు హెచ్-ఫోర్ వీసా మీద ఇంట్లో కూర్చుని, ఎక్కడికెళ్లాలన్నా పక్క సీట్లో కూర్చుని, ఆ తర్వాత వర్క్ పర్మిట్ వచ్చి ఉద్యోగం దొరికితే, నా జీతంతో నేను కొన్న మొదటి పెద్ద వస్తువు అది. కారు వెనక తగిలించి లాక్కెళ్లే పద్దెనిమిది అడుగుల తెల్ల డబ్బా, ఒకే ఇరుసు, రెండు చక్రాలు, లోపల పడకలు, చిన్న వంటగది. దాన్ని అమ్మేయాలట.

వాళ్ల భయం ఊరికే పుట్టలేదు, అది కూడా చెప్పాలి. పోయిన అక్టోబర్‌లో చట్టనూగా నుంచి ఐ-75 హైవే మీద వెనక్కి వస్తున్నాం. శ్రీకాంత్ డ్రైవ్ చేస్తున్నాడు. పెద్ద ట్రక్ ఒకటి మమ్మల్ని ఓవర్‌టేక్ చేసింది. ఆ గాలికి వెనక క్యాంపర్ కొంచెం అటు జరిగింది, ఇటు జరిగింది, మళ్లీ అటు, ఈసారి ఇంకా ఎక్కువ. కారు తోక ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టుంది. శ్రీకాంత్ కంగారుపడి బ్రేక్ తొక్కాడు. దాంతో అది ఇంకా రెచ్చిపోయింది. ఎలాగో రోడ్డు పక్క షోల్డర్ మీదకి చేరి ఆగాం. పన్నెండేళ్ల మా సాహితి కారు దిగనని ఏడుస్తూ కూర్చుంది. మేమిద్దరం గడ్డిలో కూలబడ్డాం.

ఆ రోజు నుంచి శ్రీకాంత్ క్యాంపర్ తాళం ముట్టుకోలేదు. మార్చిలో, నాకు చెప్పీ చెప్పకుండా, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేశాడు. గెయిన్స్‌విల్‌లో ఉండే ఒకాయన మూడు వారాల తర్వాత ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడట. ఆ మాట వినగానే నేను ఒంటికాలి మీద లేచాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ ఆదివారం లోపల ఒక్క ట్రిప్ వెళ్తాం. లాగేది నేను. క్యాంపర్ ఒక్కసారి ఊగినా సరే, సంతకం పెట్టి తాళాలు నా చేత్తో నేనే ఇచ్చేస్తాను, ఇంకెప్పుడూ ఆ ఊసెత్తను. ఊగకపోతే శ్రీకాంతే ఆ మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పాలి.

నేను ముందు చేసిన పని అక్టోబర్ ఫోటోలన్నీ తీసి చూడటం. బయల్దేరే ముందు క్యాంపర్ వెనక తలుపు తీసి ఉన్న ఫోటో ఒకటి దొరికింది. అందులో ఏమున్నాయనుకున్నారు? కలిసి క్యాంపింగ్‌కి వెళ్లే మా గ్యాంగ్‌లో అయిదు కుటుంబాలు. ఆ అయిదు కుటుంబాల సామానూ ఉంది. బిర్యానీ డేక్సాలు, మూడు సోనా మసూరి బస్తాలు, వాటర్ బాటిల్ కేసులు, మడత బల్లలు, ఒక క్యారమ్ బోర్డు, ఎవరిదో కరోకే స్పీకర్. "మీకు క్యాంపర్ ఉందిగా, ఇందులో పడేద్దాం" అని అందరూ తెచ్చి పడేశారు. వెనక తలుపు పెద్దది కాబట్టి అన్నీ వెనకే పడ్డాయి. వద్దనడానికి మాకు మొహమాటం. ఆ రోజు మా ప్రాణాల మీదకి తెచ్చింది ఆ మొహమాటమే. ట్రక్ వచ్చింది, వెళ్లింది, దానికేం తెలుసు!

ఇలాంటి ట్రిప్ ప్లాన్ చేసుకునేవాళ్లకి ఇక్కడే అసలు విషయం చెప్తాను. క్యాంపర్‌ని కారుకి తగిలించే కొక్కేన్ని హిచ్ అంటారు, దాని చివర ఉండే ఇనప గుండు బాల్. క్యాంపర్ ముందు భాగం ఆ బాల్ మీద ఎంత బరువు మోపుతుందో దాన్ని టంగ్ వెయిట్ అంటారు. సామాను నింపిన క్యాంపర్ మొత్తం బరువులో అది పది నుంచి పదిహేను శాతం ఉండాలి. తక్కువైతే క్యాంపర్ తోక ఊపుతుంది. ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలు తేలిక అవుతాయి, స్టీరింగ్ మాట వినదు. ఇదంతా నేను కిచెన్ టేబుల్ దగ్గర శ్రీకాంత్‌కి చెప్తుంటే, జనవరిలో తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చిన మా అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నారు.

"అమ్మాయ్, ఎడ్లబండి సంగతేగా నువ్వు చెప్పేది?" అన్నారు. "వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. దానికింత ఇంగ్లీషెందుకు?"

"అంతే అత్తయ్యా. అయితే మీ బరువెంతో చెప్పండి."

చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. "నా బరువా? నా బరువు నీకెందుకే?"

ఎందుకంటే, డ్రైవర్ తలుపు తీస్తే పక్కన తలుపు చట్రం మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఆ కారు ఎంత మోయగలదో అందులో రాసుంటుంది. టంగ్ వెయిటూ హిచ్ బరువూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బ్రోషర్‌లో అయిదు వేల పౌండ్లు లాగుతుందని రాసి ఉండొచ్చు, కానీ ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుని, ట్రంక్ నింపేస్తే ఆ అయిదు వేలు కాగితం మీదే ఉంటాయి. ఇదంతా వివరించినా అత్తయ్య ససేమిరా బరువు చెప్పలేదు. సాహితి నవ్వు ఆపుకోలేక, "నానమ్మా, జస్ట్ సే ఇట్, ఎవరికీ చెప్పం" అంటే మూతి ముడుచుకుని లేచి వెళ్లిపోయారు. నేను అందాజాగా పది పౌండ్లు ఎక్కువే వేసుకున్నాను. లెక్క తేలింది: మేం నలుగురం, క్యాంపర్ మోపే బరువూ పోగా కారు ట్రంక్‌లో బట్టల బ్యాగులకి తప్ప దేనికీ చోటు లేదు.

ట్రిప్‌కి ముందు వారం శనివారం క్యాంపర్‌లో మా సామాను మాత్రం సర్ది, నీళ్లు నింపి, దగ్గర్లోని ట్రక్ స్టాప్‌లో వేబ్రిడ్జి మీద తూయించాను. దాదాపు నాలుగు వేల పౌండ్లు వచ్చింది. కొన్నప్పుడు ఖాళీ బరువు ముప్పై మూడు వందలని చెప్పారు. మీరు చూసుకోవాల్సింది ఆ ఖాళీ బరువు కాదు, వంటసామాను ఎక్కాక వచ్చేదే. నాలుగు వేలలో పది శాతం అంటే నాలుగు వందలు. మా కారు మాన్యువల్ ప్రకారం హిచ్ మీద అయిదు వందలు దాటకూడదు. అంటే నా చోటు ఆ రెండింటి మధ్యే. క్యాంపర్ ముందు జాక్ కింద చిన్న కాటా పెట్టి చూస్తే నాలుగు వందల యాభై ఉంది.

ఇక హిచ్. మాకు క్యాంపర్ అమ్మినవాళ్లు ఒట్టి బాల్ ఒకటి తగిలించి పంపించారు. చిన్న ట్రైలర్‌కి అది చాలు, ఈ బరువుకి నాకు నమ్మకం కుదరలేదు. పక్కన ఒక రాపిడి కడ్డీ బిగించుకుంటే ఊపు కొంత తగ్గుతుంది కానీ కారు వెనక కుంగడం తగ్గదు. మూడోది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. బాల్‌కి అటూ ఇటూ రెండు స్ప్రింగ్ బార్లు ఉంటాయి. అవి క్యాంపర్ చట్రాన్ని పట్టుకుని, వెనక పడే బరువులో కొంత ముందు చక్రాల మీదకీ కొంత క్యాంపర్ చక్రాల మీదకీ పంచుతాయి. ఊపు ఆపే ఏర్పాటు కూడా అందులోనే ఉన్న రకం ఉంది. నేను అదే కొనాలనుకున్నాను. కొన్ని ఎస్‌యూవీలకి ఇది వాడొద్దని మాన్యువల్‌లోనే రాస్తారు కాబట్టి మీ కారు మాన్యువల్ చూడకుండా కొనకండి. మాదాంట్లో వాడమనే ఉంది.

షాప్‌కి శ్రీకాంత్ కూడా వచ్చాడు. కౌంటర్ దగ్గర ఉన్నతను శ్రీకాంత్ వైపే తిరిగి, "సర్, మీకు పెద్ద బార్లు ఇస్తాను, రేటింగ్ ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్నాడు.

"లాగేది నేను" అన్నాను.

అతను ఒకసారి నా వైపు చూసి మళ్లీ శ్రీకాంత్‌కే చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. కౌంటర్ మీద చెయ్యి వేసి అడిగాను, "నా టంగ్ వెయిట్ నాలుగు వందల యాభై. వెయ్యి పౌండ్ల బార్లు పెడితే అవి వంగుతాయా? వంగకపోతే ఆ గుంతల దెబ్బ ఎవరికి తగుల్తుంది? నా కారు చట్రానికి కాదా?"

అతను కేటలాగ్ నా వైపు తిప్పి, "ఆరు వందలవి ఉన్నాయి మేడమ్" అన్నాడు. అప్పుడు నాతో మాట్లాడాడు. హిచ్‌కి ఆరు వందల డాలర్ల పైచిలుకు అయింది, బిగించడానికి ఇంకో నూట యాభై. బ్రేక్ కంట్రోలర్ మాకు ముందే ఉంది, స్టీరింగ్ కింద. క్యాంపర్ బ్రేకులు మాత్రమే పట్టే చిన్న మీట ఒకటి దానికి ఉంటుంది. అక్టోబర్‌లో ఆ మీట ఎందుకో మాకెవరికీ తెలీదు. క్యాంపర్ ఊగడం మొదలైతే కారు బ్రేక్ తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ఆ మీట మెల్లగా నొక్కాలి. నేను ఇంటి ముందు కారు ఆపి, కళ్లు మూసుకుని ఆ మీట మీదకి చెయ్యి వెళ్లేదాకా ప్రాక్టీస్ చేశాను. బిగించాక ముందు చక్రం పైన ఫెండర్ ఎత్తు కొలిచి చూశాం. క్యాంపర్ తగిలిస్తే రెండు అంగుళాలు లేచింది, బార్లు వేశాక ఇంచుమించు మళ్లీ పాత ఎత్తుకి దిగింది. సరిగ్గా కూర్చుందనడానికి అదే గుర్తు.

ఈ సంగతి గ్యాంగ్ వాట్సాప్‌లో తెలిసి మురళి గారు ఫోన్ చేశారు. ఆయన మా గ్యాంగ్‌కి పెద్ద. టెంట్ కొయ్య దిగ్గొట్టాలన్నా ఆయన్ని అడగాలి. "మా కజిన్ డాలస్‌లో ఎనిమిది వేల పౌండ్ల హిచ్ పెట్టించాడు వాణి గారూ. ఇప్పుడు ఏదైనా లాగుతాడు" అన్నారు. "హిచ్ ఎనిమిది వేలైనా కారు అయిదు వేలే కదండీ. అన్నిట్లో ఏది తక్కువైతే అదే లెక్క" అన్నాను. ఆయన నవ్వి, ఫోన్ శ్రీకాంత్‌కి ఇమ్మన్నారు.

శుక్రవారం పదింటికి గ్యాంగ్ అంతా కలిసి బయల్దేరాలని అనుకున్నాం. తొమ్మిదింటికి నేను స్నానం చేసి కిందకి వచ్చేసరికి డ్రైవ్‌వేలో మూడు కార్లున్నాయి. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. మళ్లీ అవే డేక్సాలు, అవే బస్తాలు, అదే క్యారమ్ బోర్డు. ఈసారి కొత్తగా మా అత్తయ్య వెట్ గ్రైండర్ కూడా, రాళ్లతో సహా. శ్రీకాంత్ పక్కన నిలబడి పలుచగా నవ్వుతున్నాడు. మొహమాటం నవ్వు.

నేను ఎవరితోనూ మాట్లాడలేదు. జాక్ కింద పెట్టే చిన్న కాటా తెచ్చి టంగ్ వెయిట్ చూశాను. రెండు వందల అరవై. వారం కింద నాలుగు వందల యాభై ఉన్నది.

"మురళి గారూ, దించేయండి."

"ఏంటండీ?"

"అన్నీ."

"భలేవారే, ఇంత పెద్ద బండి పెట్టుకుని..." ఆయన అందరి వైపూ చూసి నవ్వారు. "పదిహేనేళ్ల నుంచి క్యాంపింగ్‌కి వెళ్తున్నామండీ. ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

"అయింది. అక్టోబర్‌లో. మాకు."

శ్రీకాంత్ నా దగ్గరికొచ్చి మెల్లగా, "పోనీలే వాణీ, ఏదో కొంచెం తగ్గించి..." అన్నాడు.

"కొంచెం కాదు. నీ కూతురు వెనక సీట్లో కూర్చుంటుంది శ్రీకాంత్. నీకు మొహమాటమైతే లోపలికి వెళ్లు, నేను దించుతాను" అని మొదటి బస్తా నేనే కిందకి లాగాను. ఆ తర్వాత బస్తా శ్రీకాంత్ దించాడు. ఎవరి సామాను వాళ్ల కార్లలోకి సర్దుకున్నారు. మురళి గారు మొహం మాడ్చుకుని, "ఒకళ్లకొకళ్లం అనుకున్నాం, ఇలా ఉంటుందనుకోలేదు" అని పైకే అన్నారు. అన్నారు, విన్నాను. చచ్చిపోలేదు. మొహమాటం విడిస్తే ఏదో అయిపోతుందని ఇన్నేళ్లూ ఎంత భయపడ్డానో తల్చుకుంటే నవ్వొచ్చింది.

అత్తయ్య గ్రైండర్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "అయితే ఇది కూడా దించాలా? గ్రైండర్ లేకుండా పాతికమందికి ఇడ్లీ ఎలా పెడతానే?"

నిజం చెప్పొద్దూ, దించమందామనే నోటిదాకా వచ్చింది. కానీ అది ఒక్కటే, మా ఇంటిదే, లెక్కలో సరిపోతుంది. "దించక్కర్లేదు అత్తయ్యా. ఇరుసుకి ముందుకి రావాలి. ముందు మంచం కింద పెట్టి బెల్టులతో కట్టేద్దాం."

"కాడి వైపుకి. అలా చెప్పు." ఆవిడ వెనక్కి తిరిగి, "ఏం నాయనా మురళీ, ఊరికే నిలబడ్డావు, ఇటొచ్చి ఒక చెయ్యి వెయ్యి" అన్నారు. పెద్దావిడ అడిగితే కాదనలేక, అంత కోపంలోనూ మురళి గారే గ్రైండర్ మోసి ముందు పెట్టారు. మళ్లీ కాటా పెట్టాను. నాలుగు వందల అరవై. అప్పుడు గొలుసులు బాల్ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా తగిలించి, లైట్ల ప్లగ్ పెట్టి, బ్రేక్ మీట ఒకసారి నొక్కి చూసుకుని, పదకొండు దాటాక కదిలాం.

రూట్ చెప్తాను. డాలోనిగా మీదుగా కొండల్లోంచి అందమైన రోడ్డు ఉంది, మ్యాప్ కూడా అదే చూపిస్తుంది. క్యాంపర్‌తో దాని జోలికి పోకండి, మలుపులు ఎక్కువ. మేం హైవే ట్వంటీ మీద క్యాంటన్ వెళ్లి, ఐ-575 ఎక్కి, అది ముందుకెళ్లి 515గా మారాక ఎల్లిజే మీదుగా బ్లూ రిడ్జ్ చేరాం. నాలుగు లేన్ల రోడ్డు. అక్కడక్కడా పొడుగాటి ఎత్తుపల్లాలున్నాయి కానీ భయపెట్టవు. మామూలుగా గంటన్నర పట్టే దారి మాకు రెండున్నర గంటలు పట్టింది. గంటకి అరవై మైళ్లు దాటలేదు నేను. వెనక హారన్లు కొట్టారు. కొట్టుకోనీ, నాకేం? పక్క లేన్ వాళ్ల నాన్నదీ నా నాన్నదీ కాదు, వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు.

క్యాంటన్ దాకా శ్రీకాంత్ పైనున్న హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని, లేని బ్రేక్ కాలితో తొక్కుతూ కూర్చున్నాడు. జాస్పర్ దాటాక పల్లంలో దిగుతున్నాం. అద్దంలో ట్రక్ కనిపించింది. పెద్దది. ట్రక్ పక్కకి వచ్చింది, గాలి తోసింది, క్యాంపర్ ఒక్కసారి భుజం కదిపింది. నా చెయ్యి మీట మీదకి వెళ్లింది. నొక్కలేదు. అది అలా కదిలి, అలాగే సర్దుకుని నా వెనకాలే బుద్ధిగా వచ్చింది.

"అదిగో, ఊగింది!" అని అరిచాడు శ్రీకాంత్.

"కదిలింది" అన్నాను.

"ఊగడానికీ కదలడానికీ తేడా ఏంటి?"

"అటు పోయి మళ్లీ ఇటు వస్తే ఊగినట్టు. ఇటు వచ్చిందా?"

శ్రీకాంత్ అద్దంలోకి వంగి చూశాడు. "రాలేదురా నాన్నా" అని వెనక నుంచి అత్తయ్య అన్నారు. "ఇంక ఆ హ్యాండిల్ వదులు, ఊడి వస్తుంది."

ఎల్లిజేలో గ్యాస్ స్టేషన్‌లో పెట్రోలు కోసం ఆగాం. క్యాంపర్ ఉంటే మైలేజ్ సగానికి పడిపోతుంది, మీ బడ్జెట్‌లో అది వేసుకోండి. పక్కనే ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతున్న ముసలాయన, కారు చుట్టూ ఒకసారి చూసి శ్రీకాంత్‌ని అడిగాడు, "బాగుంది మీ బండి. ఎలా లాగుతోంది?"

"నన్ను అడక్కండి. ఆవిణ్ణి అడగండి" అన్నాడు శ్రీకాంత్.

నేను కాయలు రెండు సంచులు కొన్నాను.

బ్లూ రిడ్జ్ దగ్గర లేక్ ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్. కరెంటూ నీళ్లూ ఉన్న సైట్‌కి రాత్రికి నలభై డాలర్ల దాకా అయింది, రెండు నెలల ముందు బుక్ చేస్తే తప్ప వారాంతాలు దొరకవు. మా సైట్ ఎవరో చివర్లో క్యాన్సిల్ చేసుకుంటే దొరికింది. నేను క్యాంపర్‌ని రివర్స్‌లో పెడుతుంటే మా గ్యాంగ్ మగాళ్లంతా చుట్టూ చేరారు. "లెఫ్ట్, లెఫ్ట్!" "కాదండీ, రైట్ కొట్టండి!" "ముందుకి, ముందుకి!" నేను ఇంజన్ ఆపేసి, సీట్లో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుని తిన్నాను. అందరూ విసుగెత్తి వెళ్లాక స్టార్ట్ చేసి, నాలుగో ప్రయత్నంలో సైట్‌లో పెట్టేశాను. పక్క సైట్‌లో తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఆవిడ క్యాంపర్ మాకంటే పెద్దది. మీవారు ఎక్కడ అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఏమ్మా వాణీ, నువ్వు కూడానా!

"నాకు మొదటిసారి గంట పట్టింది" అందావిడ. "నువ్వు నయం."

శనివారం పొద్దున అత్తయ్య ఇడ్లీలు పెట్టారు. ముందురోజు సాయంత్రం పైన్ చెట్ల కింద గ్రైండర్ గరగరలాడుతుంటే నాలుగు సైట్ల అవతలి వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. మురళి గారు నాతో మాట్లాడలేదు. ఇడ్లీలు మాత్రం మూడుసార్లు పెట్టించుకున్నారు. కరివేపాకు పొడి అయిపోతే సాహితి చేత అడిగించారు. ఆయన కోపం ఇంకా పోలేదు. పోకపోయినా నేను ఏం చెయ్యలేను, ఆయన డేక్సాలు మోసి ఆ కోపం తీర్చలేను.

ఆదివారం లంచ్ అయ్యాక బయల్దేరాం. మళ్లీ కాటా పెట్టాను. ఎందుకంటే తాగిన నీళ్లూ తిన్న బియ్యమూ పోయి లెక్క మారుతుంది. నాలుగు వందల ముప్పై. ఇంకా నా చోటులోనే ఉంది. శ్రీకాంత్ గొలుసులు తగిలించాడు, నేను అడగకుండానే. ఎల్లిజే దాటాక పొడుగాటి పల్లం. ట్రక్కులు ఒకటి వెళ్లింది, ఇంకొకటి వెళ్లింది. క్యాంపర్ భుజం కదిపి ఊరుకుంది. ఈసారి ఊగిందనే అరుపు రాలేదేమిటా అని పక్కకి చూశాను.

శ్రీకాంత్ నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, తల కిటికీకి ఆనించి. అక్టోబర్ నుంచి క్యాంపర్ అంటే వణికిపోయిన మనిషి, పక్కన ట్రక్కులు వెళ్తుంటే, నేను లాగుతుంటే, గురక పెట్టి నిద్రపోతున్నాడు. ఏడుపొస్తే రోడ్డు కనిపించదని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

సరిగ్గా అప్పుడే కారు స్పీకర్లు మోగాయి. స్క్రీన్ మీద పేరు: "క్యాంపర్ బయ్యర్". శ్రీకాంత్ ఫోన్ కారుకి కనెక్ట్ అయి ఉంది. శ్రీకాంత్ మాత్రం కదల్లేదు.

"ఎవరే?" అన్నారు అత్తయ్య.

"క్యాంపర్ కొనుక్కునే ఆయన. సాయంత్రం వస్తానన్నాడుగా. శ్రీకాంత్‌ని లేపండి అత్తయ్యా, చెప్పాల్సింది తనే."

"పడుకోనీ. నువ్వు ఆ బటన్ నొక్కు."

స్టీరింగ్ మీది బటన్ నొక్కాను. హలో అని అవతలి గొంతు. అత్తయ్య రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగారు. మూడు నెలలుగా ఈ దేశంలో గ్రోసరీ స్టోర్ కౌంటర్ దగ్గర కూడా నోరు విప్పని మనిషి, గొంతు సవరించుకున్నారు.

"హలో! నో సేల్ అండీ. సన్ స్లీపింగ్. మై డాటర్-ఇన్-లా డ్రైవింగ్. నో సేల్. థాంక్యూ."

అవతల నవ్వు, ఓకే మేడమ్ అన్న మాట, కాల్ కట్. "నానమ్మా, యూ ఆర్ సావేజ్!" అని సాహితి చప్పట్లు కొట్టింది. శ్రీకాంత్ కళ్లు తెరిచి, "ఏమైంది, ఊగిందా?" అన్నాడు.

"లేదు, పడుకో" అన్నాను.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు ఆలోచించాను. ఈ దేశంలో నా మొదటి ఆరేళ్లూ పక్క సీట్లోనే గడిచాయి. పక్క సీటు చెడ్డదని కాదు. ఆ పడుకున్న మనిషిని చూశాక దాని సుఖం కూడా నాకర్థమైంది. కానీ పక్కన వాళ్లు అలా నిద్రపోగలగాలంటే, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి లెక్క తెలియాలి, కాదనడం తెలియాలి. లెక్క నేను మూడు వారాల్లో నేర్చుకున్నాను. కాదనడానికి పదిహేనేళ్లు పట్టింది. హిచ్ షాప్‌లో ఎవడైనా మీవారి వైపు తిరిగి మాట్లాడితే కౌంటర్ మీద చెయ్యి వేసి మీ వైపు తిప్పుకోండి. మంచి మనసుతోనే ఎవరైనా మీ క్యాంపర్‌లో బస్తా పడేస్తే, అదే మంచి మనసుతో కిందకి దించండి. వాళ్ల మొహం మాడితే మాడనివ్వండి, మీ పిల్లలు వెనక సీట్లో ఉన్నారు.

ఒక్కటే చిట్కా. టంగ్ వెయిట్ షాప్‌లో కాదు, సామాను అంతా ఎక్కాక, చివరి నిమిషంలో, మీ ఇంటి ముందు తూచుకోండి. తక్కువొస్తే సామాను దించండి. మీ అత్తగారి గ్రైండర్‌ని మాత్రం దించకండి, ఇరుసుకి ముందు పెట్టండి.